పాస్ ఇంటర్‌ఫియరెన్స్ తీర్పును రీప్లేకు ఎందుకు అప్పగించరు?

కొలంబస్_కిరణ్
2024 సెప్టెంబరు 15న అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, కాన్సస్ సిటీలో జరిగిన బెంగాల్స్–చీఫ్స్ ఆటను నిన్న మళ్లీ చూశాను. కడుపుమంట ఇప్పటికీ చల్లారలేదు. మా జట్టు బెంగాల్స్ 25–23తో ముందుంది, ఆటలో నిమిషం కూడా మిగల్లేదు, చీఫ్స్‌కు నాలుగో డౌన్‌లో, అంటే బంతిని నిలబెట్టుకునే చివరి ప్రయత్నంలో, 16 గజాలు కావాలి. మహోమ్స్ విసిరిన బంతి వాళ్ల రిసీవర్ (పాస్ పట్టే ఆటగాడు) రషీ రైస్‌ను చేరకముందే మా కొత్త కుర్రాడు డైజాన్ ఆంథొనీ అతని మీద పడ్డాడని, అది పాస్ ఇంటర్‌ఫియరెన్స్ (బంతి పట్టబోయేవాణ్ణి అక్రమంగా అడ్డుకోవడం) అని అధికారులు పసుపు జెండా విసిరారు. ఆ ఒక్క జెండాతో బంతి 29 గజాలు ముందుకు జరిగింది, చివరి క్షణంలో బట్కర్ 51 గజాల ఫీల్డ్ గోల్ (మూడు పాయింట్ల కిక్) కొట్టాడు, మేము 26–25తో ఓడిపోయాం. రిసీవర్ కాలి బొటనవేలు గీత లోపల పడిందా, బయట పడిందా అన్నది తేల్చడానికి ఇన్ని కెమెరాలు తిప్పే లీగ్, 29 గజాలు ధారపోసే తీర్పును మాత్రం మైదానంలో పరుగెత్తుతున్న ఒక మనిషి కంటికి ఎందుకు వదిలేసిందో ఎవరైనా చెప్పగలరా?

పసుపు_జెండా
వదిలేయకుండా కూడా ఒక ఏడాది చూశారు. 2019 సీజనులో పాస్ ఇంటర్‌ఫియరెన్స్ జెండా వేసినా, వేయకపోయినా కోచ్ చాలెంజ్ చేయవచ్చని, అంటే ఒక టైమ్‌అవుట్ పణంగా పెట్టి రీప్లే అడగవచ్చని, ప్రతి అర్ధభాగంలోని చివరి రెండు నిమిషాల్లో ఆ పనిని రీప్లే అధికారే చూసుకుంటారని జట్ల యజమానులు 31–1 ఓట్లతో తీర్మానించారు. వ్యతిరేకించిన ఆ ఒక్క జట్టు సిన్సినాటి బెంగాల్స్.

అర్ధరాత్రి_ఆట
కిరణ్ గారు తమ ఫిర్యాదును ముందుగా తమ జట్టు కార్యాలయంలోనే నమోదు చేసుకోవడం మంచిదని నా సవినయ సలహా.

కొలంబస్_కిరణ్
ఆ ఓటు యజమానిది, ఏడుపు మాది. పైగా ఆ రోజు రీప్లే ఉన్నా తీర్పు మారేదని నేను అనడం లేదు; ఆంథొనీ తొందరపడ్డాడన్నది స్లో మోషన్ లేకుండానే కనిపిస్తోంది. ఆట మొత్తాన్ని తిప్పేసే తీర్పుకు రెండో చూపు అంటూ ఒకటి ఉండాలన్నదే నా వాదన.

ఆర్లియన్స్_అల్లుడు
ఆ 2019 నిబంధన ఎవరి కన్నీళ్లలోంచి పుట్టిందో చెప్పకుండా ఈ చర్చ ముందుకు సాగకూడదు. 2019 జనవరి 20, న్యూ ఆర్లియన్స్ సూపర్‌డోమ్, మా సెయింట్స్‌కు, రామ్స్‌కు మధ్య ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్, గెలిస్తే లీగ్ తుది పోరు సూపర్ బౌల్‌కే. స్కోరు 20–20, రెండు నిమిషాల లోపే ఆట మిగిలి ఉంది, రామ్స్ 13 గజాల గీత దగ్గర మాకు మూడో డౌన్. డ్రూ బ్రీస్ కుడివైపున టామీలీ లూయిస్‌కు బంతి విసిరాడు. రామ్స్ ఆటగాడు నికెల్ రోబీ-కోల్మన్ తల వెనక్కి తిప్పి బంతిని చూసింది లేదు, చేయి ఎత్తింది లేదు. అది గాలిలో ఉండగానే పరుగున వచ్చి హెల్మెట్‌తో లూయిస్‌ను గుద్ది పడేశాడు. దగ్గరలో ఇద్దరు అధికారులు నిలబడి ఉన్నారు, ఇద్దరి జెండాలూ నడుము దగ్గరే ఉండిపోయాయి.

జెండా పడి ఉంటే మాకు మళ్లీ మొదటి డౌన్, అంటే కొత్తగా నాలుగు ప్రయత్నాలు, వచ్చేది, గడియారాన్ని దాదాపు చివరిదాకా కరిగించి ఫీల్డ్ గోల్ కొట్టి ఇంటికి వెళ్లేవాళ్లం. పడలేదు కనుక అప్పుడే కొట్టాల్సి వచ్చింది. 23–20 అయ్యింది, రామ్స్‌కు కావలసినంత సమయం దొరికింది, వాళ్లు 23–23 చేశారు, అదనపు సమయంలో జుర్లైన్ 57 గజాల కిక్‌తో సూపర్ బౌల్‌కు వెళ్లిపోయారు. ఆట ముగిశాక లీగ్ అధికారుల విభాగం అధిపతి అల్ రివెరాన్ ఫోనులో తప్పు జరిగిందని ఒప్పుకున్నట్టు మా కోచ్ షాన్ పేటన్ విలేకరులకు చెప్పాడు. తాను ముందుగానే వెళ్లి గుద్దానని రోబీ-కోల్మన్ కూడా దాచుకోలేదు. ఆ దెబ్బకు లీగ్ అతనికి 26,739 డాలర్ల జరిమానా వేసింది. జరిమానా వేయదగిన దెబ్బకు జెండా వేయకపోవడం ఏ ధర్మశాస్త్రంలో ఉంది?

అర్ధరాత్రి_ఆట
ఆ ఆట ముగిసేసరికి హైదరాబాదులో సోమవారం తెల్లవారబోతోంది. ఆ గుద్దు చూసి నేను పెట్టిన కేకకు మా ఇంట్లో అందరూ దొంగలు పడ్డారనుకుని లేచారు. ఒక విధంగా వాళ్లు అనుకున్నది నిజమే.

ఎల్ఏ_లక్ష్మి
రామ్స్ అభిమానిగా ఆ తీర్పు తప్పని ఒప్పుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. అయితే అల్లుడు గారు కథను తమకు నచ్చిన చోట మొదలుపెట్టి నచ్చిన చోట ముగిస్తున్నారు. అదే నాలుగో క్వార్టర్‌లో మా జారెడ్ గాఫ్ గోల్ గీత దగ్గరికి పరుగెత్తుతుంటే సెయింట్స్ ఆటగాడు అతని ఫేస్‌మాస్క్ పట్టి లాగాడు. ఆ జెండా కూడా పడలేదు, మేము టచ్‌డౌన్ (ఆరు పాయింట్లు) ఆశ వదులుకుని మూడు పాయింట్లతో సరిపెట్టుకున్నాం. 20–20 అయ్యింది అలాగే. మీ కోచ్ ఆ చివరి వరుసలో మొదటి డౌన్‌లోనే పరుగు ఆట ఆడించకుండా పాస్ వేయించి, అది పట్టుబడకపోవడంతో గడియారాన్ని తానే ఆపుకున్నాడు. అదనపు సమయంలో టాస్ గెలిచింది మీరే, బంతిని మా జాన్ జాన్సన్ చేతిలో పెట్టింది మీ బ్రీసే. ఒక్క తీర్పు మీద ఓటమి భారమంతా మోపడం తేలిక, ఆటను మొత్తంగా చూడడమే కష్టం.

ఆర్లియన్స్_అల్లుడు
ఫేస్‌మాస్క్ సంగతి నిజం. కానీ ఆ తప్పు తర్వాత మీకు ఇంకా అవకాశాలు ఉన్నాయి, మాకు జరిగిన తప్పు తర్వాత గడియారంలో చోటే లేదు. ఏ తప్పు ఎంత పెద్దదన్నది అది జరిగిన నిమిషం కూడా నిర్ణయిస్తుంది కదా. సూపర్ బౌల్ మర్నాడు మా ఊరి పత్రిక ‘సూపర్ బౌలా? ఏ సూపర్ బౌల్?’ అన్న అర్థం వచ్చే ఒక్క వాక్యంతో మొదటి పేజీని దాదాపు ఖాళీగా అచ్చు వేసింది. కొందరు అభిమానులు కోర్టుకు కూడా వెళ్లారు, ఆ వ్యాజ్యాన్ని లూసియానా సుప్రీంకోర్టు అదే ఏడాది సెప్టెంబరులో కొట్టివేసింది.

ఎల్ఏ_లక్ష్మి
ఆ సూపర్ బౌల్‌లో మేము పేట్రియట్స్ చేతిలో 13–3తో ఓడిపోయాం. ఆ ఖాళీ పేజీ మా దాడి విభాగానికి కూడా సరిగ్గా సరిపోయేది.

నోవై_నాయుడు
వేయని జెండా గురించి ఇంత దుఃఖపడుతున్నారు, వేసిన జెండాను తిరిగి జేబులో పెట్టుకున్న వైనం మా డెట్రాయిట్ వాళ్లను అడగండి. 2015 జనవరి 4న డల్లాస్ పక్కన ఆర్లింగ్టన్‌లో ప్లేఆఫ్ ఆట, నాలుగో క్వార్టర్, లయన్స్ 20–17తో ముందంజ, మూడో డౌన్‌లో ఒక్క గజం కావాలి. స్టాఫర్డ్ బంతిని బ్రాండన్ పెటిగ్రూకు విసిరాడు. డల్లాస్ ఆటగాడు ఆంథొనీ హిచెన్స్ బంతికి వీపు పెట్టి, రిసీవర్ ముఖంలోకి చూస్తూ తగులుకున్నాడు. జెండా పడింది. రిఫరీ పీట్ మొరెల్లీ మైకు నొక్కి డిఫెన్సివ్ పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అని స్టేడియమంతటికీ వినిపించేలా ప్రకటించాడు. ఆ తర్వాత అధికారులు మాట్లాడుకున్నారు, జెండా ఎత్తేశారు, ఎందుకు ఎత్తేశారో ఆ మైకులో ఒక్క ముక్క చెప్పలేదు. ఈ లోగా డల్లాస్ రిసీవర్ డెజ్ బ్రయంట్ హెల్మెట్ కూడా లేకుండా మైదానంలోకి వచ్చి అధికారులతో వాదించాడు, దానికీ జెండా లేదు.

మేము పంట్ చేశాం (బంతిని దూరంగా తన్ని అవతలి జట్టుకు వదిలేశాం), మా పంటర్ కాలికి బంతి సరిగా తగలక అది పది గజాలే పోయింది, డల్లాస్ 24–20తో గెలిచింది. అంతకుముందు హిచెన్స్ జెర్సీ పట్టుకున్నందుకు కనీసం హోల్డింగ్ అయినా ఇవ్వాల్సిందని లీగ్ తరఫున డీన్ బ్లాండినో తర్వాత అన్నాడు. ఆ మాట అన్న బ్లాండినోయే కొన్ని నెలల ముందు డల్లాస్ జట్టు విందు బస్సులోంచి దిగుతూ కెమెరాకు చిక్కిన పెద్దమనిషి.

ఫ్రిస్కో_ఫణి
నాయుడు గారూ, బస్సు కథ వినడానికి బాగుంటుంది గానీ ఆ రోజు మైదానంలో బ్లాండినో లేడు. పెటిగ్రూ కూడా హిచెన్స్ ముఖాన్ని చేత్తో తోశాడన్నది రీప్లేలో ఉంది. సరే, జెండా ఎత్తిన తీరు మాత్రం డల్లాస్ వాళ్లమైన మాకూ సిగ్గుగానే అనిపించింది. అయినా మీకు తెలుసు కదా, వారం తిరిగేసరికి గ్రీన్ బేలో డెజ్ బ్రయంట్ పట్టిన బంతిని రీప్లే చూసి పట్టలేదని తేల్చారు, మేము 26–21తో ఇంటికి పోయాం.

నోవై_నాయుడు
ఆ ఆదివారం మా మిషిగన్‌లో ఎందరు ప్యాకర్స్ అభిమానులుగా మారిపోయారో మీకు చెప్పినా నమ్మరు.

పసుపు_జెండా
సరదాలు ఎలా ఉన్నా, నాయుడు గారి ఉదాహరణలో అసలు చిక్కు ఉంది. జెండా వేసిన అధికారి ఒకటి చూశాడు, మరో కోణంలో నిలబడ్డ అధికారి ఇంకొకటి చూశాడు, ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. నియమం ప్రకారం బంతి చేతిలోంచి వెలువడ్డాక, ఆట మొదలైన గీతకు ఒక గజం అవతల, పట్టుకునే అవకాశాన్ని గణనీయంగా దెబ్బతీసే తాకిడి ఉంటేనే అది ఇంటర్‌ఫియరెన్స్ అవుతుంది. ఇద్దరూ బంతి కోసమే ప్రయత్నిస్తూ తగులుకుంటే తప్పు లేదు. ఎవరికీ అందని బంతి అయితే ఎంత తగులుకున్నా ఇది వర్తించదు. డిఫెండర్ తాకకుండా చేతులు ఊపి చూపుకు అడ్డం వచ్చినా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తప్పు కాదు. ఆ ‘గణనీయంగా’ అన్న మాట దగ్గరే ప్రతి వివాదమూ మొదలవుతుంది. బొటనవేలు గీతను తాకిందా అన్న ప్రశ్నకు కెమెరా జవాబు చెబుతుంది. ఈ తాకిడి సరిపోతుందా అన్న ప్రశ్నకు కెమెరా మరిన్ని ప్రశ్నలే తెస్తుంది. స్లో మోషన్‌లో నడుము మీద చెయ్యి పెట్టడం కూడా పట్టి లాగినట్టే కనబడుతుంది.

కార్నర్_తండ్రి
ఇంతసేపూ రిసీవర్ల తరఫు వకీళ్లే మాట్లాడారు కనుక డిఫెండర్ పక్షాన నేను రెండు మాటలు చెప్పాలి. మా అబ్బాయి టెక్సస్‌లో హైస్కూలు జట్టుకు కార్నర్‌బ్యాక్, అంటే రిసీవర్లను వెంటాడి కాపు కాసే డిఫెండర్. వాళ్ల సాధన ఒక సాయంత్రం కంచె పక్కన నిలబడి చూస్తే ఈ ఆట మీద మీ అభిప్రాయం మారుతుంది. రిసీవర్‌కు తాను ఎటు తిరగబోతున్నాడో తెలుసు, వీడికి తెలియదు. వాడు ముందుకు పరుగెత్తుతాడు, వీడు మొదట వెనక్కి అడుగులేసి, నడుము తిప్పి, ఆ తర్వాత వాడిని అందుకోవాలి. బంతి వైపు ముందే తల తిప్పితే అర అడుగు వెనకబడతాడు, తిప్పకపోతే బంతిని చూడలేదు కాబట్టి తాకిన ప్రతిసారీ తప్పు వీడిదే అవుతుంది. అందుకని కోచ్ బంతిని వదిలేసి రిసీవర్ చేతులనే చూడమంటాడు. చేతులు లేచిన క్షణాన నీ చెయ్యి వాటి మధ్యలోకి వెళ్లాలి, రెండో చెయ్యి మాత్రం వాడి అవతలి తుంటి మీద బిగుసుకోకూడదు అని పదే పదే చెబుతాడు. ఆ రెండో చెయ్యి కాస్త కొక్కెంలా వంగి రిసీవర్ భుజం ఇటు తిరిగిందా, జెండా పడ్డట్టే.

టెక్సస్ హైస్కూలు ఆటలు కాలేజీ నియమాల మీద నడుస్తాయి. అక్కడ ఈ తప్పుకు గరిష్ఠ శిక్ష 15 గజాలు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తప్పు జరిగిన చోటికే బంతి వెళ్తుంది, అది 15 గజాలైనా, 50 గజాలైనా. ఎండ్ జోన్‌లో (గోల్ గీత అవతల) జరిగితే ఒక గజం గీత మీద పెడతారు. అదే రిసీవర్ తోసేస్తే మాత్రం పది గజాలతో సరి. ఇందులో సమానత్వం ఎక్కడుంది?

లెక్కల_మాస్టారు
కార్నర్_తండ్రి గారు తీగను సరిగ్గా పట్టుకున్నారు, లాగితే డొంకంతా కదులుతుంది. తీర్పులో పొరపాటు సహజం, కానీ ఆ పొరపాటు ధర ఇంత ఎక్కువగా ఉండడం వల్లనే అది వివాదమవుతోంది. హోల్డింగ్‌కు ఐదు గజాలు, మొదటి డౌన్. ఇంటర్‌ఫియరెన్స్‌కు నలభై గజాలు కూడా కావచ్చు. రెండింటి మధ్య తేడా చాలాసార్లు బంతి గాలిలో ఉందా, ఇంకా చేతిలోనే ఉందా అన్నంత సన్నని గీత. ఇంత తేడా ఉన్నప్పుడు జట్లు దాన్ని వాడుకోకుండా ఉండవు. బాల్టిమోర్‌కు జో ఫ్లాకో ఆడిన రోజుల్లో టోరీ స్మిత్‌కు కాస్త పొట్టిగా పడే పొడవాటి పాస్‌లు ఎన్ని జెండాలు తెచ్చిపెట్టాయో గుర్తు చేసుకోండి. రిసీవర్ బంతి కోసం ఆగుతాడు, వెనక పరుగెత్తుతున్న వాడు ఆగలేక గుద్దుకుంటాడు. చెడ్డ పాస్‌కు బహుమతి దక్కుతుంది.

అర్ధరాత్రి_ఆట
డిఫెండర్లను కట్టడి చేయడం 1978లో మొదలైంది కదా? పిట్స్‌బర్గ్ మెల్ బ్లౌంట్ రిసీవర్లను మైదానమంతా మోదుతున్నాడని ఐదు గజాల అవతల తాకకూడదన్న నియమం తెచ్చారు, జనం ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

పసుపు_జెండా
అవును. ఆ తర్వాత కూడా 2003 సీజను చివర పేట్రియట్స్ కోల్ట్స్ రిసీవర్లను పట్టి ఆపేశారన్న గోల రేగాక 2004లో ఆ నియమాన్ని గట్టిగా అమలు చేయమన్నారు. నిబంధనలు ఎప్పుడూ పాస్ వైపే మొగ్గాయి, ఎందుకంటే ప్రేక్షకులు చూడాలనుకునేది పాసే.

కొలంబస్_కిరణ్
చరిత్ర బాగుంది, కానీ నా ప్రశ్న అలాగే ఉంది. 2019లో రీప్లే పెట్టారు కదా, ఎందుకు విఫలమైంది?

ఆర్లియన్స్_అల్లుడు
పెట్టినవాళ్లకే దాన్ని వాడే మనసు లేదు కనుక. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే అదే. 2019 నవంబరు 17న బాల్టిమోర్‌లో టెక్సన్స్ రిసీవర్ డీఆండ్రె హాప్కిన్స్‌ను బంతి రాకముందే మార్లన్ హంఫ్రీ పట్టుకుని తిప్పేశాడు. కోచ్ బిల్ ఓబ్రయన్ చాలెంజ్ చేశాడు. న్యూయార్క్‌లో కూర్చున్న రివెరాన్ మైదానంలోని తీర్పునే నిలబెట్టాడు. ఆ సీజనులో అలా ఎన్నోసార్లు జరిగాక కోచ్‌లు తమ టైమ్‌అవుట్‌ను అంత చవగ్గా పోగొట్టుకోవడం ఇష్టంలేక చాలెంజ్ జెండా జేబులోనే ఉంచుకోవడం మొదలుపెట్టారు.

ఆ సీజను ప్లేఆఫ్‌లలో, 2020 జనవరి 5న, అదే సూపర్‌డోమ్‌లో, అదనపు సమయంలో మిన్నెసోటా ఆటగాడు కైల్ రుడాల్ఫ్ మా పీజే విలియమ్స్‌ను చేత్తో నెట్టి టచ్‌డౌన్ పాస్ పట్టాడు. రీప్లేకు అధికారం ఉంది, ఎవరూ ఆటను ఆపలేదు, 26–20తో మేము మళ్లీ ఇంటికే. మా కోసం తెచ్చిన నియమం మా గడప ముందే నిద్రపోయింది. 2020 మే నెలలో యజమానులు దాన్ని కొనసాగించకుండా వదిలేశారు.

ఎల్ఏ_లక్ష్మి
రుడాల్ఫ్, విలియమ్స్ ఇద్దరి చేతులూ ఒకరి మీద ఒకరివి ఉన్నాయి. అది ‘స్పష్టమైన తప్పు’ అనిపించుకోదు.

ఆర్లియన్స్_అల్లుడు
లాస్ ఏంజెలెస్ నుంచి చూస్తే సూపర్‌డోమ్‌లో జరిగిన ఏదీ స్పష్టంగా కనబడదు లెండి.

అర్ధరాత్రి_ఆట
మనవాళ్లకు ఇది అర్థం కావాలంటే క్రికెట్ డీఆర్‌ఎస్‌లోని అంపైర్స్ కాల్ గుర్తు చేసుకోవాలి. బంతి వికెట్లకు తగులుతుందని గీత చూపిస్తున్నా, సగం కంటే తక్కువ తగిలితే మైదానంలోని అంపైర్ మాటే నిలుస్తుంది. అక్కడ కనీసం కొలత ఉంది. 2019లో ఎన్‌ఎఫ్‌ఎల్ ‘స్పష్టంగా, నిస్సందేహంగా’ తప్పయితేనే మారుస్తామని చెప్పి, ఎంత స్పష్టమైతే స్పష్టమో ఎవరికీ చెప్పలేదు. ఒక వారం మార్చిన తీర్పును మరో వారం మార్చలేదు.

రాత్రి_కాపలా
ఎవరూ అసలు విషయం మాట్లాడడం లేదు. ఇప్పుడు అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బెట్టింగ్ చట్టబద్ధమైంది, జెండాలన్నీ అక్కడి నుంచే ఎగురుతున్నాయి.

లెక్కల_మాస్టారు
ఆధారం లేని ఆరోపణతో చర్చ దారి తప్పుతుంది. 2012 సెప్టెంబరు 24న సియాటిల్‌లో గ్రీన్ బేను ఓడించిన చివరి పాస్‌ను తీసుకోండి. అప్పటి అధికారులు తాత్కాలికంగా తెచ్చినవాళ్లు, అసలు అధికారులను లీగ్ లాకౌట్ చేసి పనిలోకి రానివ్వలేదు. గోల్డెన్ టేట్ తన ముందున్న శామ్ షీల్డ్స్‌ను రెండు చేతులతో తోసేశాడు, అది ఆఫెన్సివ్ (దాడి జట్టు వైపు నుంచి జరిగిన) ఇంటర్‌ఫియరెన్స్ అని మర్నాడు లీగే ఒప్పుకుంది. సియాటిల్ 14–12తో గెలిచింది, రెండు రోజుల్లో అసలు అధికారులతో ఒప్పందం కుదిరింది. అది అనుభవం చాలకపోవడం, కుట్ర కాదు. గమనించవలసింది ఇంకొకటి ఉంది: బంతి ఎవరిదన్నది రీప్లేలో చూశారు, అదే దృశ్యంలో ఆ తోపు కూడా కళ్లెదుటే ఉంది, కానీ దాన్ని లెక్కలోకి తీసుకునే అధికారం వాళ్లకు లేదు.

కొలంబస్_కిరణ్
నేను అడుగుతున్నది అదే. తెర మీద కనబడుతున్నదాన్ని చూడనట్టు నటించమని చెప్పే నియమం ఎవరికి ఉపయోగం?

పసుపు_జెండా
కెనడా లీగ్ 2014 నుంచి కోచ్‌లకు ఇంటర్‌ఫియరెన్స్ చాలెంజ్ ఇచ్చింది. అక్కడా మొదట్లో కోచ్‌లు ఏ చిన్న తాకిడి దొరికినా పట్టుకుని ఆటను ఆపుతున్నారన్న విసుగు వచ్చింది. రీప్లే తెస్తే తప్పులు పోతాయని ఆశించడం కంటే, ఏ తప్పుల కోసం ఆటను ఎంతసేపు ఆపడానికి మనం సిద్ధమో ముందు తేల్చుకోవాలి. నా మట్టుకు నాకు రోబీ-కోల్మన్ గుద్దు వంటి వాటికి స్టేడియం పై గదిలోని రీప్లే అధికారి మైదానంలోకి ఒక మాట చెప్పే వీలు ఉంటే చాలు. కోచ్ చేతిలో చాలెంజ్ అక్కర్లేదు.

ఫ్రిస్కో_ఫణి
పై గదిలోని అధికారి కూడా మనిషే, ఆయనకూ ‘గణనీయంగా’ అన్న మాటే దిక్కు. నేను మాస్టారి పక్షం, ముందు శిక్ష తగ్గించండి. 2022, 2023 సీజన్లు నడిచిన యూఎస్‌ఎఫ్‌ఎల్ అనే మరో లీగ్‌లో మామూలు తప్పుకు గరిష్ఠంగా 15 గజాలే ఉండేది, కావాలని పడగొడితేనే బంతి తప్పు జరిగిన చోటికి వెళ్లేది.

కార్నర్_తండ్రి
‘కావాలని’ అన్నది మళ్లీ అభిప్రాయమే కదా ఫణి గారూ. అయినా నేను దానికి ఓటేస్తాను, ఎందుకంటే అనుమానం ఉన్నచోట కనీసం నష్టం 15 గజాల దగ్గర ఆగుతుంది.

ఆర్లియన్స్_అల్లుడు
నేను వేయను. శిక్ష 15 గజాలే అయితే నలభై గజాల పాస్‌లో ఓడిపోతున్న ప్రతి కార్నర్‌బ్యాక్ రిసీవర్‌ను వాటేసుకుని టచ్‌డౌన్ ఆపుతాడు, అది తెలివైన బేరం అవుతుంది. పైగా మా ఆటలో జెండా పడి ఉన్నా బంతి జరిగేది కొద్ది గజాలే. మాకు దక్కకుండా పోయింది గజాలు కావు, మొదటి డౌన్, గడియారం. మీరు శిక్షను ఎంత కుదించినా ఆ రోజు ఫలితం మారేది కాదు.

లెక్కల_మాస్టారు
వాటేసుకోవడానికి ‘కావాలని’ అన్న నిబంధన సరిపోతుంది. అది చూడడానికి స్లో మోషన్ కూడా అక్కర్లేదు. గడియారం గురించి మీరన్నది మాత్రం కాదనలేను. అందుకని 15 గజాల శిక్ష, చివరి రెండు నిమిషాల్లో మాత్రం పై గది నుంచి ఒక మాట, రెండూ కలిపి తెమ్మంటాను.

కొలంబస్_కిరణ్
దానికి 24 మంది యజమానుల ఓట్లు కావాలి. మా యజమాని ఓటును లెక్కలో వేసుకోకుండా మిగతా 31 మందిలో చూసుకోండి.